గచ్చు గోడల దారి: కాజీపేట నుంచి నిర్మల్ దాకా

హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చేవాళ్లు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, ఖిలాలో తోరణాల దగ్గర నాలుగు ఫొటోలు, వీలైతే రామప్ప చూసుకుని రాత్రికి ఇల్లు చేరతారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు ఆదివారం రద్దీ మరీ పెరిగింది. వరంగల్ నుంచి అటు కాకుండా ఉత్తరానికి తిరిగితే జనం పలచబడతారు. 1323 నుంచి 1948 దాకా, మధ్యలో కొన్ని విరామాలు పోను, తుగ్లక్‌లు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీలు ఏలిన నేల ఇది. కోటలు, దర్గాలు, మసీదులు ఉన్నాయి. వాటి నీడన పెరిగిన వెండి పని, చెక్క పని, వంటలు ఉన్నాయి. టికెట్ కౌంటర్లు, గైడ్లు మాత్రం చాలాచోట్ల కనబడరు. ఉన్న బోర్డులు సగం తుప్పు పట్టాయి. ఏం చూడాలో తెలుసుకుని బయల్దేరితేనే ఈ దారి పలుకుతుంది.

దారి తేలికే. వరంగల్ నుంచి హుజూరాబాద్, కరీంనగర్ మీదుగా జగిత్యాల దాకా 563 నంబర్ జాతీయ రహదారి. జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరుకు 63. ఆర్మూరులో 44 ఎక్కి సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. ఊళ్ల మధ్య ఆర్టీసీ బస్సులు బాగానే తిరుగుతాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు చేతిలో ఉంటే చాలు. కోటల దగ్గరికే బస్సు సరిపోదు, ఆటో మాట్లాడుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే రాతి మెట్లు పది గంటలకే కాలుతాయి. వానాకాలంలో కోట గోడల మీద పొదలు మనిషెత్తు పెరిగి దారి మూసేస్తాయి.

ఈ కట్టడాలన్నిటినీ కలిపేది ఒకటుంది, సున్నం. కాకతీయుల రాతికోట గోడలో రాయికీ రాయికీ మధ్య ఏమీ ఉండదు, బరువే పట్టు. తర్వాత వచ్చినవాళ్లు కమానులు, గుమ్మటాలు, మినార్లు కట్టారు. అవి నిలవాలంటే అతుకు కావాలి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులతో గానుగలో రోజుల తరబడి తొక్కించి, కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి చేసిన గచ్చు అది. ఎవరు కట్టించారన్న వాదన కంటే అతుకు ఎలా ఉందో చూడటం ఈ దారిలో ఎక్కువ నేర్పుతుంది.

గురువారం సాయంత్రం, కాజీపేట

దర్గాకు గురువారమే పోవాలి. మిగతా రోజుల్లో ప్రశాంతంగా ఉంటుంది కానీ, జనం ఎవరో, ఏ ఊళ్ల నుంచి వస్తారో చూడాలంటే గురువారం మగ్రిబ్ (పొద్దుగూకే వేళ) నమాజు తర్వాతే. కాజీపేట జంక్షన్ నుంచి ఆటోలో దగ్గరే. షేర్ ఆటో అయితే 20 రూపాయల్లో అయిపోతుంది, ఒక్కరి కోసమే మాట్లాడితే 80, 100 అడుగుతారు.

ఇక్కడ ఉన్నది హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ మజార్ (సమాధి). 1795లో పుట్టి 1856లో పోయారు. సూఫీ గురువే కాదు, వరంగల్ ఖాజీ (ముస్లిం న్యాయాధికారి) కూడా. కాజీపేట పేరు ఆ ఖాజీల నుంచే వచ్చింది. ఉర్సు (ఆయన వర్ధంతి జాతర) హిజ్రీ సఫర్ నెల 26 నుంచి 28 దాకా. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు కాబట్టి మన క్యాలెండర్‌లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయినేడాది తేదీ చూసుకుని రైలు టికెట్ తీసుకుంటే ఉర్సు అయిపోయాక దిగుతారు. ఉర్సు రోజుల్లో గది దొరకదు, ముందే హనుమకొండలో చూసుకోవాలి.

పద్ధతి కష్టమేమీ కాదు. చెప్పులు బయటే. తల మీద టోపీ లేకపోతే చేతిరుమాలు చాలు, ఆడవాళ్లకు కొంగో చున్నీయో. గడప తొక్కొద్దు, దాటాలి. మజార్‌కు వీపు చూపకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి బయటికి రావడం మర్యాద. గులాబీ రేకుల పొట్లం 20, 30 రూపాయలు, మజార్ మీద కప్పే చాదర్ గుడ్డను బట్టి వందల్లో. చాదర్ కొనమని దుకాణాలవాళ్లు పట్టుబడతారు కానీ అది తప్పనిసరి కాదు. పూలు చాలు. డబ్బు ఇవ్వాలనుకుంటే పెట్టెలో వేయడం మేలు. ఆడవాళ్లకు ఎంత దాకా అనుమతి అన్నది ఒక్కో దర్గాలో ఒక్కో తీరు, ముందే అడిగితే ఇబ్బంది ఉండదు. నమాజు జరుగుతుంటే ముందు నుంచి దాటి పోకూడదు. ఫొటోకు అడిగితే చాలాసార్లు సరే అంటారు, మొక్కుకుంటున్నవాళ్ల మొహాల మీదికి మాత్రం ఫోన్ పెట్టొద్దు.

వచ్చేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో చూస్తే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు, ఈ ప్రాంతం వాళ్లకు అది వింతే కాదు. తెలంగాణ పల్లెల్లో దర్గాకు మొక్కుకోవడం, మొక్కు తీరాక కందూరు (దర్గా పేరున విందు) చేసి చుట్టాలను పిలవడం కులమతాలు చూసుకుని జరిగేది కాదు. కొబ్బరికాయ కొట్టేవాళ్లు కొడతారు, ఫాతిహా చదివించుకునేవాళ్లు చదివించుకుంటారు. చేతిలో పెట్టే తబర్రుక్ (దర్గా ప్రసాదం) వద్దనడం అమర్యాద. ఓ పలుకు నోట్లో వేసుకుని మిగతాది పొట్లం కట్టుకోవచ్చు.

శుక్రవారం, ఖిలా వరంగల్, మండీ బజార్

ఖిలా పొద్దున, బజార్ సాయంత్రం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా జుమా నమాజు, ఆ వేళకు మండీ బజార్‌లో సగం షట్టర్లు దిగి ఉంటాయి. ఖిలా వరంగల్ స్టేషన్‌కు దగ్గర, హనుమకొండ నుంచి దూరం. లాడ్జి తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకుంటే రోజుకు 200 రూపాయల ఆటో ఖర్చు తగ్గుతుంది.

తోరణాలున్న ఆవరణకు టికెట్ 25 రూపాయలు. రాతికోటకు 45 బురుజులు. ద్వారాలు తిన్నగా ఉండవు, లోపలికి వచ్చేవాడు రెండుసార్లు మలుపు తిరగాలి. ఏనుగులు పరుగెత్తి వచ్చి తలుపులు గుద్దకుండా చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు అదే మలుపులో ట్రాక్టర్లు, స్కూలు ఆటోలు ఎదురుపడి హారన్లు కొట్టుకుంటాయి. కోట లోపల ఊరుంది, పొలాలున్నాయి.

నాలుగు కీర్తి తోరణాల మధ్య ఉన్నది స్వయంభూ శివాలయం శిథిలాలు. 1323లో ఉలుగ్ ఖాన్ (తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడే) ప్రతాపరుద్రుణ్ని ఓడించి ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టాడు. గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. అవి ఎలా మిగిలాయన్నదానికి గైడ్లు చెప్పే కథలు చాలా. అక్కడ కట్టిన జామా మసీదుకు నాలుగు దిక్కులా వాకిళ్లుగా వాటిని కావాలనే ఉంచారన్నది పరిశోధకుల వాదన. ఆవరణలో పడి ఉన్న రాళ్ల మధ్య నిలబడి చూస్తే ఆ వాదన కాగితం మీద కంటే బాగా అర్థమవుతుంది: తోరణం ఒక్కటీ గుడి గోడకు అతికి లేదు, అన్నీ దూరంగా, విడిగా ఉన్నవే. సుల్తాన్‌పూర్ పేరు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు, కొన్నేళ్లకే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలిచాడు.

తోరణాల నుంచి పడమరగా కొద్ది దూరం నడిస్తే ఖుష్ మహల్. చాలామంది బయటి నుంచి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, ఈ రోజు చూసినవాటిలో అసలైనది ఇదే. 1504 నాటి శాసనం వేయించిన షితాబ్ ఖాన్ (స్థానికులకు సీతాపతి) కట్టించాడని ఒక మాట. కాదు, అంతకు దాదాపు నూట ఎనభై ఏళ్ల ముందు తుగ్లక్ పాలకుల దర్బారు అని ఇంకో మాట. రెండో మాటే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకో గోడ మూల దగ్గర నిలబడి పైకి చూస్తే తెలుస్తుంది. గోడ నిటారుగా లేదు. అడుగున మందంగా మొదలై పైకి పోనుపోను లోపలికి వాలింది. ఢిల్లీలో తుగ్లకాబాద్ గోడలు చూసినవాళ్లకు ఈ వాలు కొత్త కాదు.

లోపల పొడవాటి హాలు. అడ్డంగా వరుసగా లేచిన మొనదేలిన కమానులు, వాటి మీద కప్పు. నేల మధ్యలో నీటి తొట్టి. చుట్టుపక్కల దొరికిన విగ్రహాలన్నీ గోడల వెంట పేర్చారు, మనుషులు వాటినే చూస్తూ కమానులను మరిచిపోతారు. కమాను అంచున రాళ్ల అతుకు చూడండి. బూడిదరంగులో నున్నగా, గట్టిగా ఉంటే అది మన కాలపు సిమెంటు. తెల్లటి, కొంచెం పసుపు కలిసిన రంగులో, మధ్యమధ్య బియ్యపు గింజంత తెల్ల పలుకులు (పూర్తిగా కలవని సున్నం) కనిపిస్తే పాత గచ్చు. సిమెంటు పూసినచోట పక్కనున్న రాయి మీద తెల్లగా ఉప్పు పొడి రాలుతుంటుంది. గచ్చు తేమను పీల్చి వదులుతుంది, సిమెంటు వదలదు. తేమ దారి వెతుక్కుని రాయిలోంచి బయటికి వస్తూ ఉప్పు తెస్తుంది, ఆ ఉప్పు రాతి పైపొరను ఒలిచేస్తుంది. బాగుచేశామనుకున్నచోటే ముందు పాడయ్యేది ఇందుకే. పైకి మెట్లు తెరిచి ఉంటే ఎక్కాలి, నాలుగు తోరణాలు ఒకే చూపులో పడతాయి.

కొత్తవాడ దారిలోనే. జంఖానాలు నేసే గుంటమగ్గాలు ఇంకా ఉన్నాయి. వరంగల్ జంఖానాకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇదే ఊళ్లో నేసిన తివాచీ 1851లో లండన్ మహా ప్రదర్శనకు పోయింది. కొనేటప్పుడు తిరగేసి చూడాలి. రెండువైపులా బొమ్మ ఒకేలా ఉంటే మగ్గం మీద నేసింది, ఒకవైపే ఉంటే అచ్చు వేసింది.

మండీ బజార్‌లో తినాల్సింది బిర్యానీ కాదు, అది ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. బగారా అన్నం, దాల్చా అడగండి. తెలంగాణలో పెళ్లి ఎవరిదైనా ఈ జోడీ ఉంటుంది. బగారాకు పసుపు వేయరు. షాజీర, లవంగం, యాలకులు, చెక్క, బిర్యానీ ఆకు, వేగిన ఉల్లిగడ్డ, పుదీనా, అల్లంవెల్లుల్లి, ఉప్పు, అంతే. దాల్చాకు పావుకిలో శనగపప్పు అయితే అరకిలో బొక్కల మాంసం, ఓ చిన్న సొరకాయ, నిమ్మకాయంత చింతపండు. ఇంట్లో చేస్తే చెడేది ఒక్కచోటే: చింతపండు రసం ముందు పోస్తే పప్పు ఎంత ఉడికించినా మెత్తబడదు. పప్పూ మాంసమూ పూర్తిగా ఉడికాక పులుసు, ఆ తర్వాత సొరకాయ ముక్కలు. హోటల్లో ప్లేటు 120 నుంచి 180. పొద్దున ఆరుకు పోతే పాయా, రొట్టె. రంజాన్ నెలలో అయితే పగలు బజార్ నిద్రపోతుంది, రాత్రి తొమ్మిది తర్వాత హలీం దేగ్‌ల చుట్టూ నడవడానికి చోటుండదు.

శనివారం, ఎలగందుల

కరీంనగర్ నుంచి సిరిసిల్ల రోడ్డులో పది పన్నెండు కిలోమీటర్లు. మానేరు ఒడ్డున, తాటిచెట్ల మధ్య గుట్ట మీద కోట. ఒకప్పుడు జిల్లా పేరే ఎలగందుల, 1905లో కరీంనగర్ జిల్లా అయింది. ఆఫీసులు, వ్యాపారం, పనివాళ్లు అటు తరలిపోయారు, ఊరు ఊరుగా మిగిలింది. కోట కాపాడబడింది కూడా ఒక రకంగా అందువల్లే, రాళ్లు ఎత్తుకుపోయి ఇళ్లు కట్టుకునేంత జనం ఇక్కడ లేరు.

సెల్‌ఫోన్ మ్యాప్ గుట్ట వెనక పొలాల్లోకి తీసుకుపోతుంది. ఊళ్లోకి వచ్చి అడగడమే మంచిది. మలుపులో మేకలు తోలుకొస్తున్న ముసలాయన అడగకముందే చెప్పాడు: "పైకి వోతున్నరా సారు? నీళ్లు పట్టుకపోండ్రి, మీద సుక్క దొరకది. సెంటు కొట్టుకున్నోళ్లు ఉంటే గోడ పొంటి వోవద్దు, తేనెటీగలున్నయ్."

రెండూ నిజమే. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కావాలి. పాత బురుజుల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి, అత్తరు వాసన, పొగ వాటికి పడవు. కింద బీడీ కాల్చినా పైన ఉన్నవాళ్లకు ప్రమాదం. చెప్పులు కాదు, బూట్లు. పొద్దున ఏడుకు మొదలుపెడితే ఆగి ఆగి చూసుకుంటూ తొమ్మిదిన్నరకు దిగొచ్చు.

కోట చుట్టూ కందకం. అందులో మొసళ్లను పెంచేవారని ఊళ్లో చెప్తారు. మానకొండూరు దాకా సొరంగం ఉందని కూడా చెప్తారు, ప్రతి కోటకూ ఒక సొరంగం కథ ఉంటుంది కాబట్టి దాన్ని వెతుకుతూ చీకటి అరల్లోకి పోవొద్దు, గబ్బిలాలు, పాములు తప్ప ఏమీ ఉండవు. చూడాల్సింది ద్వారాలు. ఒక్కో ద్వారం ఒక్కో కాలానిది. అడుగున పెద్ద పెద్ద రాతి దిమ్మలు అతుకు లేకుండా కూర్చుని ఉంటాయి. వాటి మీదనే చిన్న రాళ్లు, ఇటుక, గచ్చుతో తర్వాతి వాళ్లు ఎత్తు పెంచారు. తుపాకీ పెట్టే సందులు ఆ పైవరసలోనే ఉంటాయి, కింద ఉండవు. కాకతీయుల గోడను ఎవరూ పడగొట్టలేదు, కాలం మారి ఫిరంగులు వచ్చినకొద్దీ దాని నెత్తిన కట్టుకుంటూ పోయారు. గుట్ట మీద నరసింహస్వామి గుడి ఉంది, మసీదు ఉంది, కోట పరిసరాల్లో దర్గాలున్నాయి.

ఈ ప్రాంతపు పద్దెనిమిదో శతాబ్దపు కట్టడాల దగ్గర ఒక పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, జఫర్-ఉద్-దౌలా. అసలు పేరు మీర్జా ఇబ్రహీం ఖాన్, జనం నోట ధంసా. నిజాం సర్దారు. ఎలగందులలో 1754లో ఆయన కట్టించిన మసీదు మినార్లు ఊపితే ఊగుతాయని ప్రసిద్ధి. వచ్చిన ప్రతి గుంపులో ఒకరు పైకెక్కి ఊపి చూడాలనుకుంటారు. దయచేసి ఊపకండి. సన్నటి ఇటుక మినారు, పట్టు వదలని గచ్చు. అతుకులో ఆ కొద్దిపాటి సాగుడు ఉండబట్టే కదలిక పగులు కాకుండా ఒదిగింది. అదే చోట సిమెంటు ఉంటే ఎప్పుడో విరిగేది. రెండు వందల డెబ్బై ఏళ్ల గచ్చుకు ఇప్పుడు ఆ సాగుడు ఎంత మిగిలిందో ఊపి తేల్చడం తెలివైన పని కాదు.

మొహర్రంలో వస్తే వేరే ఊరు చూసినట్టే ఉంటుంది. పీర్ల కొట్టం ముందు అలాయి గుండం (నిప్పుల గుంత) తవ్వుతారు, పీర్లను ఎత్తుకునేవాళ్లలో, "అస్సోయ్ దూలా" అంటూ గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువ ఉంటారు చాలా పల్లెల్లో. రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద, షర్బత్ పంచుతారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు గుండం దగ్గరికి చెప్పులతో పోకూడదు, అంతే నియమం.

దిగాక రోడ్డు పక్కన కల్లు మండువలో తాజా కల్లు దొరుకుతుంది. పొద్దున దించింది పొద్దునే తాగాలి. మధ్యాహ్నానికి పులిసి తలకెక్కుతుంది, ఆ తర్వాత బండి నడపొద్దు.

శనివారం సాయంత్రం, కరీంనగర్

కరీంనగర్‌కు పేరు ఖిల్లేదారు (కోట అధికారి) సయ్యద్ కరీముద్దీన్ నుంచి వచ్చింది. ఊళ్లో చూడాల్సిన పాత కట్టడాలు తక్కువ. కమాన్ అనే ద్వారం దాటి లోపలికి వెళ్లి వెండి తీగ పని చూడటానికి సాయంత్రం ఉంచుకోవాలి. ఈ పని ఎలగందులలో మొదలై ఆఫీసుల వెంట కరీంనగర్ వచ్చింది. అత్తర్‌దాన్లు (అత్తరు బుడ్లు), గులాబ్‌పాష్‌లు (పన్నీరు బుడ్లు), పాన్‌దాన్లు (తాంబూలపు పెట్టెలు) నవాబుల ఇళ్ల కోసం చేసినవి. చేసిన చేతులు మాత్రం ఎక్కువగా మన విశ్వబ్రాహ్మణులవి. 2007లో జీఐ వచ్చింది.

పని ఇలా సాగుతుంది. కరిగించిన వెండిని కడ్డీగా పోసి, సాగగొట్టి, కమ్మచ్చు (చిల్లుల ఇనుప పలక) చిల్లుల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి చిన్నదానిలోకి లాగుతారు. వెంట్రుకలా సన్నబడ్డ రెండు తీగలను జడలా మెలేసి, నొక్కి చదును చేస్తారు. అంచున కనిపించే గరుకు గీతలు ఆ మెలికవే. మందమైన తీగతో ఆకు, పువ్వు, నెమలి చట్రం చేసుకుని, మెలేసిన తీగను చుట్టలు చుట్టి ఆ చట్రంలో బిగుతుగా కూర్చుతారు. వెలిగారం (బోరాక్స్) నీళ్లు అద్ది, టంకం పొడి చల్లి, నోటితో ఊదే గొట్టంతో మంట పట్టిస్తారు. క్షణం ఎక్కువైతే సన్న తీగ కరిగి ముద్దవుతుంది, పగలంతా చేసింది పోతుంది. తక్కువైతే చుట్ట చట్రానికి అంటదు, కొన్నాళ్లకు ఊడుతుంది. కొనేవాళ్లు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి: చుట్టలు చట్రానికి అన్నివైపులా తాకుతున్నాయా, మధ్యలో కరిగిన బొట్లున్నాయా. వెండి తూకం వేరు, మజూరీ వేరు, రెండూ విడిగా రాసి బిల్లు ఇవ్వమని అడగాలి. ఈ పనిలో మజూరీ వెండి ధరకు దగ్గరగా ఉన్నా ఆశ్చర్యపోవద్దు, బేరం మరీ కిందికి లాగొద్దు. నల్లబడితే టూత్‌పేస్టు పెట్టి రుద్దకండి, సందుల్లో ఇరుక్కుని రాదు. కుంకుడు నీళ్లలో నానబెట్టి మెత్తటి కుంచెతో కడిగితే చాలు.

ఆదివారం, జగిత్యాల

ఊరి మధ్యలోనే నక్షత్రం ఆకారపు కోట, చుట్టూ కందకం. 1747లో ధంసా కోసం ఫ్రెంచి ఇంజనీర్లు కట్టారంటారు. వాళ్ల పేర్లు జాక్, టాల్ అనీ, ఊరి పేరు అదేననీ టీ కొట్టు దగ్గర ప్రతి ఒక్కరూ చెప్తారు. వినడానికి బాగుంది, నమ్మాల్సిన పని లేదు. ఆకారం మాత్రం ఐరోపాదే, అందులో అనుమానం లేదు.

ఎలగందుల చూసిన మర్నాడే దీన్ని చూడటంలో లాభం ఉంది. అక్కడ గుట్టే రక్షణ, ఇక్కడ నేల చదును. గుండ్రటి బురుజు ముందు పైవాడికి కనబడని చోటు ఒకటి మిగులుతుంది, శత్రువు అక్కడ చేరి గోడకు మందుపాతర పెడతాడు. నక్షత్రపు కొనల్లో ఆ చోటు ఉండదు. ఒక కొనన నిలబడ్డవాడికి పక్క కొన గోడ మొత్తం కనిపిస్తుంది, ఒకరి ముందు ఇంకొకరు కాపలా. గోడ ఎత్తు తక్కువ, మందం ఎక్కువ. ఎత్తైన సన్న గోడను ఫిరంగి గుండు కూలుస్తుంది, మందపు గోడ గుండును మింగుతుంది. గోడ మీద చుట్టూ నడవొచ్చు, పాత ఫిరంగులు ఉన్నాయి. కందకం వైపు అంచున పట్టుకోవడానికి ఏమీ లేదు, పిల్లలను వదలొద్దు. కందకంలో ప్లాస్టిక్ చెత్త గురించి చెప్పకపోవడమే మంచిది.

గంటన్నరలో అయిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం హోటళ్లు కిటకిట. మటన్ తలావా, జొన్నరొట్టె అడిగితే చాలాచోట్ల దొరుకుతుంది. తలావా అంటే ముందు అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పుతో ఉడికించి, నీరు ఇగిరాక తన కొవ్వులోనే ఎర్రగా వేయించిన మాంసం. నూనె తేలుతుంటే అది తలావా కాదు, కూర.

సోమవారం, నిర్మల్

సోన్ వంతెన దాటుతుంటే కింద గోదావరి. అక్కడి నుంచి ఊరు దగ్గరే. నిర్మల్ ధంసా కేంద్రం. ఊరి చుట్టూ గుట్టల మీద గఢ్‌లు (కోటలు). హైవే వైపు నుంచి వస్తే ముందు కనిపించేది శ్యామ్‌గఢ్, ఎక్కడం సులువు. బత్తీస్‌గఢ్ ఎక్కాలంటే కొంచెం ఓపిక, ఎక్కాక ఊరు, చెరువులు అన్నీ ఒక పటంలా పరుచుకుంటాయి. గోడలు జగిత్యాల పద్ధతే, గుట్టకు తగ్గట్టు వంచారు. ఇక్కడ గచ్చు పెచ్చులు ఊడిన చోట లోపల ఏముందో చూడొచ్చు: బయట రెండు ముఖాలకూ చెక్కిన రాయి, మధ్యలో రాళ్ల ముక్కలు, సున్నం కలిపి కూరిన పూరణం. రావి మొలక ఒక్కటి ఆ పూరణంలోకి వేరు దింపితే పదేళ్లలో రెండు ముఖాలూ విడిపోతాయి. పైకి కోసేసినా లోపలి వేరు బతుకుతుంది. కోటల్లో కూలిన గోడల్లో చాలావాటిని పడగొట్టింది ఫిరంగి కాదు, ఈ మొలకే.

ఊళ్లో వెయ్యి ఉరుల మర్రి ఉండిన చోటు అడిగి చూడాలి. చెట్టు ఇప్పుడు లేదు. నిర్మల్ ప్రాంతంలో గోండు వీరుడు రాంజీ గోండు, అతనితో కలిసి లేచిన రోహిల్లాలు (అఫ్ఘాన్ మూలాల సైనికులు) నిజాం, బ్రిటిష్ సేనలతో తలపడ్డారు. 1860 ఏప్రిల్ 9న రాంజీని, ఆయన అనుచరులు వెయ్యిమందిని ఆ మర్రికి ఉరితీశారని చెప్పుకుంటారు. గోండులూ రోహిల్లాలూ ఒకే పక్షాన నిలబడ్డ ఈ పోరాటానికి నిర్మల్ కోటల బోర్డుల మీద ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

బొమ్మలు ఆఖరికి, చేతుల్లో మోతబరువు అప్పుడే పెరగాలి కాబట్టి. నకాషీల (బొమ్మలు చేసేవాళ్ల) వాడలో ఇళ్లలోనే పని. పొనికి చెక్క చేతిలో పెట్టుకుంటే బెండులా తేలిక. బొమ్మను ఒకే దిమ్మలోంచి చెక్కరు. తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దతో అతుకుతారు. అదే ముద్దతో ముక్కు, చెవి, నగలు దిద్దుతారు. ఆరాక నున్నగా రుద్ది, సుద్ద పూత, మళ్లీ రుద్దడం, ఆపైన రంగు. ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. వానాకాలంలో తొందరపడి రంగు వేస్తే లోపలి తడి బయటికి వచ్చి పైపూత బుడగలు లేస్తుంది. మెడ, మోచేయి దగ్గర గోటితో మెల్లగా తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే అతుకు సరిగా ఆరలేదని.

అసలు పొనికి దొరకడమే కష్టమవుతోంది. అడవిలో చెట్టు తగ్గింది, నాటినవి పనికొచ్చేంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే బజారులో వేరే చెక్కతో, అచ్చుపోసిన ముద్దతో చేసినవి కూడా నిర్మల్ బొమ్మలుగా అమ్ముతారు. బరువుంటే అనుమానించాలి. కళాకారుల సహకార సంఘం దుకాణంలో ధర కాస్త ఎక్కువైనా ఆ బెడద లేదు. బేరమూ లేదు. పండ్లు, కూరగాయల చిన్న బొమ్మల పెట్టె కొన్ని వందల్లో వస్తుంది, బంగారు రంగుతో నల్లటి పలక మీద వేసిన చిత్రాలు వేలల్లో. కట్టించేటప్పుడు న్యూస్‌పేపర్ నేరుగా చుట్టనివ్వొద్దు, ఎండకు బస్సు వేడెక్కితే సిరా రంగు మీదికి దిగుతుంది. ముందు పలచటి గుడ్డ, దాని మీద కాగితం. పెట్టెను సామాన్ల అరలో కింద కాకుండా ఒళ్లో పెట్టుకోమని అమ్మిన ఆమె మరీ మరీ చెప్తుంది. బస్సు హైదరాబాద్ చేరడానికి నాలుగున్నర గంటల పైనే పడుతుంది, కిటికీ పక్క సీటు అడిగి తీసుకోండి.